ఐదో బిళ్ల

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, మార్చి మొదటి వారంలో, మా ప్రచురణ సంస్థ నాకు ఒక అనుబంధ పుస్తకం పని అప్పగించింది. సంస్థ హైదరాబాద్‌లో ఉండేది. నేను జనగామలో ఇంటి నుంచే పని చేస్తూ, నెలకు రెండుసార్లు రైలెక్కి ఆఫీసుకు వెళ్లివచ్చేవాణ్ణి. నా హోదా నియమాల సంపాదకుడు. నా కింద ఇద్దరు పరీక్షకులు, నా పైన ప్రధాన సంపాదకురాలు. నేను చేరినప్పుడు ఆ సంస్థ బడిపిల్లల లెక్కల పుస్తకాలు వేసేది. తర్వాత బల్ల మీద ఆడే ఆటల వైపు మళ్లింది. దానితోపాటే నేనూ మళ్లాను.

ఆ ఆట తెలియనివారి కోసం కొంత చెప్పాలి. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఒక్కొక్కరూ ఒక పాత్రను పట్టుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో తమ వంతు వచ్చినప్పుడు చెబుతారు. చెప్పింది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథలో పోరాటాలు వస్తాయి. ఎదురుపడే మృగానికి ఎంత బలం ఉండాలన్నది బల్ల దగ్గర ఎంతమంది ఆడుతున్నారన్నదాన్ని బట్టి కడతాం. ఐదుగురుంటే ఐదుగురికి సరిపడే మృగం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాది అర్థమవుతుంది.

ఆడేవాళ్లు ఊరుకోరు. పుస్తకంలో లేని శక్తులు తామే కల్పించుకుంటారు. వాటిని మా ఆఫీసులో ఇంటి శక్తులు అనేవాళ్లం. అలా జనం పంపినవాటిలో మంచివి ఏరి, తూచి, సరిచేసి అచ్చువేయడమే నాకు అప్పగించిన పని. తూచడమంటే మా భాషలో ఒకటే. ఆ శక్తి వచ్చి చేరాక ఆట తీరు మారాలి, గెలుపోటముల పాళ్లు మాత్రం పెద్దగా కదలకూడదు.

తూకం మూడు దశల్లో జరిగేది. మొదటిది కాగితం మీద లెక్క. రెండోది ఒంటరి ఆట. అంటే సంపాదకుడే అన్ని పాత్రలూ తానై ఆడతాడు. ఒకే కుర్చీలో కూర్చుని ఆడితే అన్ని పాత్రలూ ఒకేలా ఆలోచిస్తాయి కాబట్టి, వంతు మారినప్పుడల్లా లేచి ఆ పాత్ర చోటికి వెళ్లి కూర్చోవాలని నియమం. మా ఇంట్లో భోజనాల బల్లకు నాలుగు కుర్చీలు. నేను మూడు కుర్చీలూ, వంటింటి స్టూలూ, ఒక ట్రంకుపెట్టెనూ వాడేవాణ్ణి. కిటికీ పక్క కుర్చీ నా భార్య విజయది. ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. మూడో దశ బల్ల పరీక్ష. ఊళ్లలో మామూలుగా ఆడుకునే జట్లకు శక్తిని ఇచ్చి, కొన్ని ఆదివారాలు ఆడించి, ఫోన్లో ఫలితం తెలుసుకుంటాం. నా కింద అలాంటి జట్లు మూడుండేవి. జనగామలో ఒకటి, మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి.

నేను చెప్పబోయే శక్తి పేరు బిళ్ల. దాన్ని భూపాలపల్లి జట్టులోని తిరుపతి అనే బొగ్గుబాయి కార్మికుడు అప్పటికి రెండేళ్ల కిందటి వానాకాలంలో పంపాడు. రాసి పంపలేదు. మాట్లాడి, ఫోన్‌కు ఆ గొంతు పంపాడు. వాళ్ల బాయిలో ఒక పద్ధతి ఉందట. లోపలికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను ల్యాంపు రూములో పలక మీది కొక్కేనికి తగిలించి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక పలక మీద ఒక్క బిళ్ల మిగిలినా, ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టే. మనుషులను తలలు చూసి లెక్కపెట్టరు, బిళ్లలు చూసి లెక్కపెడతారు.

దాన్నే తిరుపతి శక్తిగా మలిచాడు. పోరాటంలో పడిపోయిన పాత్ర బిళ్లను కొక్కేనికి తగిలిస్తే, ఆ పాత్ర ఇంకా గుహ లోపలే ఉన్నట్టు లెక్క. తన వంతు వచ్చినప్పుడు దెబ్బ కొడుతుంది. అప్పటికే పడిపోయింది కాబట్టి దాన్ని ఎవరూ కొట్టలేరు. దానికి బదులుగా, బిళ్ల కొక్కేనికి ఉన్నంతసేపు జట్టులో ఎవరూ గుహ విడిచి పారిపోకూడదు. చివర్లో అతని గొంతు ఇలా ముగుస్తుంది: “బిళ్ల ఉన్నంత సేపు మనిషి లోపల్నే ఉన్నట్టు సార్. ఒకని బిళ్ల ఇంకొకడు ముట్టొద్దు. గదైతే మార్చకున్రి.”

కాగితం మీద చూడగానే ఇది బరువెక్కువని తెలిసింది. ఒంటరి ఆటలోనూ అదే తేలింది. అయినా ఆలోచన బాగుందని మూడు జట్లకూ పంపాను.

జనగామ జట్టు డిగ్రీ చదివే కుర్రవాళ్లది. వాళ్లకు నరేశ్ అనేవాడు పెద్ద. రెండో ఆదివారానికే వాళ్లు కిటుకు కనిపెట్టారు. పోరాటం మొదలవగానే ఒకడు కావాలని మృగం నోటికి ఎదురువెళ్లి పడిపోయేవాడు. ఇక వాడికి దెబ్బ తగలదు, వాడి దెబ్బ మాత్రం ఆగదు. పారిపోవాల్సిన అవసరం వచ్చేది కాదు కాబట్టి పారిపోకూడదన్న షరతు వాళ్లకు భారమే కాలేదు. వరసగా గెలిచారు. నరేశ్ ఫోన్ చేసి, సార్, మీ ఆటల బతుకుడు కంటే సచ్చుడే ఫాయిదా ఉన్నది అన్నాడు.

మహబూబాబాద్ ఆటను నేను కూర్చుని చూశాను. అక్కడి జట్టుకు పెద్ద సునీత, ప్రభుత్వ దవాఖానలో నర్సు. మిగతా ముగ్గురూ ఆమె చిన్నాన్న, మేనమామల పిల్లలు. అందరిదీ మరిపెడ వైపు తండా. ఆటలో మునిగినప్పుడు వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకునేవారు. నాతో మాత్రం తెలుగులో. ఆ రోజు మూడో చుట్టు తిరిగేసరికి పాత్రలన్నీ పడిపోయాయి. అన్ని బిళ్లలూ కొక్కేలకు ఎక్కాయి. ఎవరి వంతు వారికి వస్తోంది, పాచిక పడుతోంది, దెబ్బ తగులుతోంది. సునీత ఆట ఆపి నన్ను అడిగింది. “సార్, ఇప్పుడు నిలబడ్డోళ్లు ఎవ్వరు లేరు. మరి ఈ మృగం ఎవర్ని కొట్టాలె?”

ఆట కానివ్వమన్నాను. గుహలో మృగం ఒక్కటే తిరుగుతోంది. దానికి ఎదురుగా ఎవరూ లేరు. అన్ని వైపుల నుంచీ దెబ్బలు పడుతున్నాయి. మొదట నవ్విన కుర్రవాడు ఒకడు కొంతసేపటికి నవ్వడం మానేశాడు. మృగం చచ్చాక ఎవరూ సంతోషించలేదు. సునీత చెల్లెలు వాళ్ల భాషలో ఏదో అంది. ఏమందని అడిగాను. ఇప్పుడు గెలిచిందెవరని అడుగుతోంది సార్ అని సునీత చెప్పింది.

భూపాలపల్లి ఫలితం వేరు. అక్కడ ఆట నడిపేది ఓదెలు. తిరుపతితో ఒకే షిఫ్టులో బాయి దిగేవాడు, నలభై దాటినవాడు. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి చెప్పేవాడు. ఐదుగురు ఆడారు, ఒకసారి గెలిచారు, ఒకసారి ఓడారు. మళ్లీ వారం మళ్లీ అంతే. అంత నిలకడైన ఫలితం నేను ఏ శక్తికీ చూడలేదు. తిరుపతి ఎలా ఆడుతున్నాడని అడిగితే మంచిగ ఆడుతండు సార్ అనేవాడు. శక్తిలో మార్పుల గురించి తిరుపతితో ఒకసారి మాట్లాడాలని రెండు మూడుసార్లు అడిగాను. “ఆని వంతు నడుస్తంది సార్, మల్ల చెప్త” అని పెట్టేసేవాడు.

రెండు జట్లు బరువెక్కువని, ఒక జట్టు సరిగ్గా ఉందని చెబితే మా పద్ధతి ప్రకారం ఆ శక్తిని పక్కన పెట్టాలి. ప్రధాన సంపాదకురాలు అదే చెప్పారు. నేను ఒక్క ఆదివారం గడువు అడిగాను. ఒకే శక్తి, ఒకే మృగం, ఒకే పాచికలు. ఫలితం మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. కారణం తెలియకుండా వదిలేస్తే అది తూకం కాదు. పైగా అచ్చుకు ముందు, మార్చిన నియమానికి దాన్ని తయారుచేసిన మనిషి సమ్మతి సంతకం కావాలి. తిరుపతిని ఎలాగూ కలవాలి.

హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా వెళ్లాను. భూపాలపల్లి దగ్గరపడుతుంటే రోడ్డు పక్క చెట్ల ఆకులు నల్లబడుతూ వచ్చాయి. ఓదెలు బస్టాండుకు వచ్చి బండి మీద క్వార్టర్ల వైపు తీసుకెళ్లాడు. దారిలో తిరుపతి వస్తాడా అని అడిగాను. ఆని ఇంట్లనే గద సార్ ఆడేది అన్నాడు.

చిన్న ఇల్లు. ముందుగదిలో బల్ల. గోడకు ఒక చెక్క పలక, దానికి ఐదు మేకులు. తిరుపతి భార్య స్వరూప తలుపు తీసింది. ముప్ఫై ఏళ్లుంటాయి. ఆమె కూడా ఆ జట్టులో ఆడుతుంది. పుట్టిల్లు మొగుళ్లపల్లి అని మాటల్లో తెలిసింది. అప్పటికే ముగ్గురు బాయి కార్మికులు వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ ఒక ఇత్తడి బిళ్ల ఉంది. పరకాలలో గిన్నెల దుకాణంలో చేయించి నంబర్లు కొట్టించుకున్నారట. ఒక బిళ్ల మాత్రం పలక మీది మేకుకు వేలాడుతోంది.

స్వరూప టీ తెచ్చింది. మేము ఆరుగురం. గ్లాసులు ఏడు. ఏడోది బల్లకు ఒక వైపు, ఎవరూ కూర్చోని చోట పెట్టింది. తిరుపతి లోపల ఉన్నాడేమో, వస్తాడని అనుకున్నాను. ఆట మొదలుపెట్టబోతుంటే, తిరుపతి రాలేదే అన్నాను. ముగ్గురిలో ఒకడు పలక వైపు చూశాడు. ఓదెలు “ఉన్నడు సార్” అన్నాడు.

అప్పుడు టీవీ పైన గోడకు ఉన్న ఫోటో కనిపించింది. గంధపు చెక్కల దండ, చిన్న ఎర్రబల్బు.

ఎలా జరిగిందో తర్వాత చెప్పారు. ఏడాది కిందటి చలికాలంలో, ఒక ఆదివారం ఆట మధ్యలో తిరుపతి పాత్ర పడిపోయింది. తన శక్తి ప్రకారం బిళ్ల తీసుకెళ్లి మేకుకు తగిలించాడు. పొద్దుపోయిందని పోరాటం అక్కడికి ఆపారు. మిగతాది వచ్చే వారం ఆడదామనుకున్నారు. బుధవారం డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు డాక్టర్లు. దినాలు అయ్యాక జట్టు మళ్లీ కూర్చుంది. బిళ్ల పలక మీదే ఉంది. ఒకని బిళ్ల ఇంకొకడు ముట్టకూడదన్నది తిరుపతి పెట్టిన నియమమే. ఎవరూ ముట్టలేదు. ఆట సాగింది. ఆ పోరాటం అయిపోయింది, ఆ తర్వాత ఎన్నో అయ్యాయి. ఆ బిళ్ల దిగలేదు. నేను పరీక్షకు పంపింది వాళ్లు అప్పటికే ఆడుతున్న శక్తిని. ఎంతమంది ఆడుతున్నారని ఫోన్లో అడిగినప్పుడు ఓదెలు అబద్ధమేమీ చెప్పలేదు. వాళ్ల పద్ధతిలో బిళ్లలు లెక్కపెట్టి చెప్పాడు.

నేను పరీక్షకుడి చోటులో, అంటే ఎవరి వెనకా కాకుండా అందరూ కనిపించేలా, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆట మొదలైంది. ముగ్గురి వంతులూ మామూలుగా నడిచాయి. జోకులు, తిట్లు, మృగాన్ని మేనేజర్‌తో పోల్చడం. తర్వాత ఓదెలు, తిరుపతి వంతు అన్నాడు. అందరూ మాటలు ఆపేశారు. ఓదెలు పలక వైపు తిరిగి మామూలు గొంతుతో, ఎటు కొడతవ్ రా అని అడిగాడు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. కొంతసేపటికి ముగ్గురిలో ఒకడు, గుహ మూతికాడ అంటండు అన్నాడు. ఎవరన్నారని ఎవరూ అడగలేదు. స్వరూప పాచికను ఎడమచేత్తో తీసి వేసింది. అతనిది ఎడమచేతి వాటమట. పదిహేడు పడింది. దెబ్బ తగిలింది. అందరూ మళ్లీ కదిలారు.

మరుసటి చుట్టులోనూ అంతే. ఈసారి, కాలికి అంటండు అన్నది వేరొకడు. నేనూ ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి వింటున్నానని నాకు కొంత ఆలస్యంగా తెలిసింది.

మూడో చుట్టులో నేను వెతుకుతున్నది దొరికింది. తిరుపతి వంతు తర్వాత రావాల్సింది స్వరూప వంతు. ఓదెలు ఆమెను పిలవలేదు. నేరుగా మృగం వంతుకు వెళ్లిపోయాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనక రెండు చుట్లు గుర్తు చేసుకున్నాను. అప్పుడూ అంతే. నాలుగోసారి కూడా చూసి రూఢి చేసుకున్నాను. భర్త పాత్రకు పాచిక వేశాక, ఆమె పాత్రకు పాచిక పడటం లేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ గమనించలేదు. బిళ్లలు ఐదు కాబట్టి మృగానికి ఐదుగురికి సరిపడే బలం. దెబ్బలు మాత్రం నలుగురివే పడుతున్నాయి. అందుకే ఫలితం అంత నిలకడగా ఉంది. తిరుపతి శక్తిని సరితూగేలా చేస్తున్నది స్వరూప ఆడని వంతు.

నడుమ విరామంలో చేతులు కడుక్కోవడానికి వెనక వాకిట్లోకి వెళ్తే ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను చూశానని ఆమెకు తెలిసినట్టుంది. తిరుపతి ఉద్యోగం తనకు ఇచ్చారనీ, నాలుగు నెలలుగా ల్యాంపు రూములో చేస్తున్నాననీ చెప్పింది. వీళ్లంతా మంచివాళ్లనీ, దినాలప్పటి నుంచి ఇంటికి ఏది కావాలన్నా చూసుకున్నారనీ, అందుకే ఏమీ అనలేకపోతున్నాననీ అంది. తర్వాత గొంతు తగ్గించింది.

“నా పాత్ర ఏడాది సంది గుహల నిలబడ్డది సార్. కొడతలేదు, దెబ్బ తింటలేదు. అది ఉన్నదో లేదో గుడ ఎవ్వరు అడుగుతలేరు. సచ్చినాయనకేమో వారం వారం వంతు వస్తంది.” మళ్లీ తనే, “నేను చెప్తే ఇనరు. పుస్తకంల వస్తె ఇంటరు. ఆయన ఇది పుస్తకంల రావాలనే గద పంపిండు” అంది.

ఒక మనిషి కష్టం కోసం నియమం రాయడం కుదరదనీ, రాస్తే అన్ని బల్లల దగ్గరా నిలబడాలనీ ఆమెకు చెప్పాను. చెబుతూనే లెక్క వేసుకున్నాను. పోరాటానికి ముందే ప్రతి పాత్రా ఒక జోడీని ఎంచుకోవాలి. ఒకరి బిళ్ల కొక్కేనికి ఎక్కితే, ఆ బిళ్ల ఉన్నంతసేపు జోడీ తన వంతు వదులుకోవాలి. ఆ వంతులోనే పడిపోయినవాడు కొడతాడు. జోడీ ఎప్పుడు కావాలంటే అప్పుడు బిళ్ల తీయవచ్చు. తీశాక జోడీ వంతు జోడీకి తిరిగి వస్తుంది. జోడీ కూడా పడిపోతే ఆ బిళ్ల దానంతట అదే దిగుతుంది. జనగామ కుర్రవాళ్ల కిటుకు దీని ముందు పనిచేయదు. మహబూబాబాద్‌లో చూసినట్టు అందరూ పడిపోయి ఆడే పరిస్థితీ రాదు. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఆ ఇంట్లో ఏడాదిగా జరుగుతున్నదాన్ని మాటల్లో పెట్టి, చివర్లో బిళ్ల తీసే వీలొకటి చేర్చాను.

బల్ల దగ్గరికి వచ్చి చదివి వినిపించాను. ముగ్గురూ ఓదెలు వైపు చూశారు. ఓదెలు తల అడ్డంగా ఊపాడు. “ఒకని బిళ్ల ఇంకొకడు ముట్టొద్దు. గది వాడు చెప్పిన మాట. మీరు గుడ ఇన్నరు సార్.” ఆ మాట మార్చేటట్టయితే శక్తిని పుస్తకంలో వేయవద్దని, వాపసు ఇచ్చేయమని అన్నాడు.

పద్ధతి ప్రకారం తయారుచేసిన మనిషి లేనప్పుడు వారసుల సంతకం చాలు. ఆ సంగతి చెప్పాను. కానీ స్వరూప, ఓదెలన్న సరేననేదాకా సంతకం చేయనంది. వాపసు తీసుకుంటే ఆ శక్తి వాళ్లు ఆడుతున్నట్టే ఆ ఇంట్లో ఉండిపోతుంది. ఆమె గుహలో అలాగే నిలబడి ఉంటుంది. ఆమె నా వైపు చూడలేదు. బల్ల మీద తన బిళ్లను చూస్తూ కూర్చుంది.

నేను ఓదెలును ఒక్కటే అడిగాను. మీ బాయిలో లోపల మనిషి పోతే అతని బిళ్ల ఎవరు తీస్తారు అని. అతను, జోడీగాడు తీస్తడు సార్ అన్నాడు. శవం పైకి వచ్చాక, ఆ రోజు అతనితో కలిసి పని చేసినవాడు తీసి అప్పజెబుతాడట. అది వేరు, ఇది వేరు అని కూడా అన్నాడు.

అప్పుడే సైరన్ మోగింది. ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచే తవ్వే బొగ్గు గనిలో, మధ్యాహ్నం పేలుళ్లకు ముందు మోగేది. ఆ జట్టుకు ఒక అలవాటు ఉంది. సైరన్ వినగానే పాచికలు కింద పెట్టి, అందరూ చేతులు బల్ల మీంచి తీసేస్తారు. అదురుకు పాచిక తిరిగితే ఎవరి చేయి తగిలిందన్న పేచీ రాకూడదని. నేనూ చేతులు తీశాను. కాళ్ల కింద నేల ఒక్కసారి కదిలింది. తర్వాత కిటికీ అద్దాలు, గిన్నెలు, టీ గ్లాసులు. ఎవరూ తాగని ఏడో గ్లాసులో టీ మీద కట్టిన మీగడ ముడతలు పడింది. మేకుకున్న బిళ్ల ఊగి చెక్కకు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

అదురు ఆగింది. అద్దాలు ఆగాయి. గ్లాసులు ఆగాయి. బిళ్ల ఆగలేదు. చెక్కకు తగులుతూ, సన్నగా, ఒకే తీరున మోగుతూ ఉంది. ఎంతసేపో చెప్పలేను. అందరం దాన్నే చూస్తున్నాం. తన వంతు వచ్చిందని ఎవరో గుర్తు చేస్తున్నట్టుంది. వెళ్లేముందు నేను ఆ మేకును పట్టి చూశాను. వదులుగా లేదు.

ఓదెలు కళ్లు తుడుచుకోకుండానే అన్నాడు. “చూసినవా చెల్లె. ఉన్నడు వాడు. తీస్తే మనమే సంపినట్టు.”

స్వరూప లేచి నిలబడింది. “తీస్తే సచ్చినట్టు ఎట్లయితదన్నా? రోజు నేను ల్యాంపు రూముల చూస్తలేనా? బిళ్ల తీసినోడు పైకొచ్చినట్టు. స్నానం జేసి ఇంటికి పోతడు.” ఆమె గొంతు పెరగలేదు. “పలక మీద ఉంటేనే లోపల చిక్కినట్టు. ఏడాది సంది మనమే ఆయన్ని పైకి రానిస్తలేం.”

బాయి దిగే మనుషులకు ఆ మాట వివరించాల్సిన పని లేదు. ఓదెలు పలక వైపు చూశాడు. ఈసారి ఏమీ అడగలేదు. తర్వాత నాకు వినపడీ వినపడకుండా, పైకి రమ్మను మరి అన్నాడు.

ఆమె వెళ్లి బిళ్ల తీసింది. కుడిచేత్తో. కొంగుతో తుడిచి ఓదెలు చేతికి ఇచ్చింది. బాయిలో జోడీగాడు అప్పజెప్పినట్టే. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు. తర్వాత, ఆట నడిపేవాడు అడగవలసినట్టే, ఇప్పుడు వంతెవరిది అని అడిగాడు.

“నాది” అంది స్వరూప.

ఆమె పాచిక వేసింది. మూడు పడింది. దెబ్బ గాలికి పోయింది. ముగ్గురిలో చిన్నవాడు ఉండబట్టలేక, ఏడాది తయారై గిదేనా వదినె అన్నాడు. ముందు ఆమె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఆ మృగం చేతిలో వాళ్లు ఆ రోజు ఓడిపోయారు. నలుగురికి ఐదుగురి మృగం కట్టి ఉంది కాబట్టి అది లెక్క ప్రకారం రావలసిన ఓటమే. సాయంత్రం బస్సుకు ముందు సంతకం అయింది. వచ్చే వారం నుంచి మృగాన్ని నలుగురికి కట్టమని చెప్పి వచ్చాను. ఓదెలు సరేనన్నాడు.

కొత్త నియమాన్ని మిగతా రెండు జట్లకు పంపాను. నరేశ్ మూడు ఆదివారాలు తల బద్దలు కొట్టుకుని, దీంట్ల సందు దొరుకుతలేదు సార్, ఖరాబు చేసిన్రు అని ఫిర్యాదు చేశాడు. నాకు అంతకన్నా మంచి ధ్రువీకరణ అవసరం లేదు. సునీత జట్టులో మాత్రం బిళ్ల తగిలించడానికి ముందు జోడీని అడగడం అలవాటయిందట. మోస్తవా అని వాళ్ల భాషలో అడుగుతారట. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే తగిలించరట. అది నియమంలో లేదు. పుస్తకంలో చేర్చాను.

పుస్తకం బయటికి వచ్చాక ఒక సంగతి తెలిసింది. దానికి నా దగ్గర వివరణ లేదు. తిరుపతి ఎవరో తెలియని ఊళ్ల నుంచి జట్లు ఫోన్ చేసి, ఆ శక్తి గురించి చెబుతూ ఒకే మాట అన్నాయి. బిళ్ల ఎక్కాక పడిపోయినవాడి వంతు వచ్చినప్పుడు, బల్ల దగ్గర అందరూ కాసేపు మాట్లాడరట. ఆ ఆటగాడు అక్కడే, ఎదురుగా, బతికే కూర్చుని ఉన్నా సరే. ఆగమని పుస్తకంలో ఎక్కడా లేదు. ఎందుకు ఆగారని అడిగితే, తెలియదన్నారు.

అంతకు ముందు, పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లనప్పుడు, నేను చివరి ఒంటరి ఆట ఒకటి ఆడాల్సి వచ్చింది. మళ్లీ అదే బల్ల, ఐదు చోట్లు. ట్రంకుపెట్టె తీసి పక్కన పెట్టాను. ఐదో పాత్ర వంతు వచ్చినప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పాచిక వేశాను. తొమ్మిది పడింది. వంతు పూర్తిచేసి తర్వాతి చోటికి మారాను. ఫలితం కాగితం మీది లెక్కతో సరిపోయింది.

ఆ తర్వాత నేను పనిలో ఉన్న కొన్ని నెలల్లో మా పరీక్షకులకు ఒక పద్ధతి నేర్పాను. ఏ శక్తి వచ్చినా, అది ఎంత బలమైనదన్న లెక్క తర్వాత చేయండి, దాని ఖర్చు ఎవరి వంతులోంచి పోతోందో ముందు చూడండి అని. ఆ వంతు పోగొట్టుకుంటున్న మనిషి సాధారణంగా ఫోన్ చేసి చెప్పరు. బల్ల దగ్గర కూర్చుని, ఎవరు ఆడుతున్నారో కాక ఎవరిని పిలవడం లేదో చూస్తే కనిపిస్తారు. రెండోది, మొదలయ్యే ప్రతి శక్తికీ అది ఎలా ముగుస్తుందో, ఎవరు ముగిస్తారో రాసి ఉండాలి. ఆడుతున్నవాళ్లు తమంతట తాము దాన్ని రాసుకోలేరు.